ఆరో గోళీ

శీతాకాలమంతా నా కారు వెనక్కి పోలేదు.
ముందుకి మూడు గేర్లూ మూలుగుతూనైనా పడేవి,
రివర్సు దగ్గర మాత్రం
ఇంజను అరిచేది, చక్రం వినేది కాదు.
పుంటా అరేనస్‌లో వాలు చూసుకుని ఆపడం నేర్చుకున్నాను.
జలసంధి మీంచి గాలి ఎదురొచ్చిన రోజున
న్యూట్రల్లో పెట్టి ఊరుకుంటే అదే నెట్టేది.
నవ్వకండి, నిజం.

ఒకనాడు చేపల అంగడి గోడకి ముక్కు ఇరుక్కుంటే
నలుగురు వెనక్కి తోశారు.
ఆ నలుగురిలో ముసలాయన ఒనోఫ్రె బర్రియా,
నాలుగేళ్ల కిందట షెడ్డు మూసేసినవాడు.
అందరూ వెళ్లాక బండి చుట్టూ ఒకసారి తిరిగి
డోరు అంచున పాత పచ్చరంగుని గోటితో గీకి చూశాడు.
కొత్త గేర్‌బాక్స్ వెల బండి వెలకి రెండింతలు,
ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే జీతం నాది అన్నాను.
"విప్పుదాం. చేతులు నీవి. నావి పనికిరావు."
ఆయన చేతిలో టీ కప్పు
సాసరుతో ఆగకుండా మాట్లాడుతూ ఉంటుంది.

నూనె దించాం. ఎర్రగా ఉండాల్సింది
అడుగంటిన పాకంలా కారింది.
అడుగు పళ్లెంలో అయస్కాంతానికి
ఉక్కు నూగు గడ్డంలా మొలిచి ఉంది.
క్లచ్ పలకలు అరిగిన చెప్పులు.

"ఉన్నదున్నట్టు బిగిస్తే మళ్లీ ఏడాదికి ఇదే ఏడుపు" అన్నాడు.
పల్చటి ఉక్కు రేకులు వేసి
మూడు పలకల చోట నాలుగు ఇరికించాం.
గుద్దుకుపోయిన వ్యాను నుంచి పెద్ద ఆయిల్ కూలరు పీక్కొచ్చాం.
ఈ చలిలో కూలరెందుకంటే
"చలి బయట. కాలేది లోపల" అన్నాడు.
కొత్త పలకల్ని రాత్రంతా నూనెలో నానబెట్టాను,
శనగలు నానబోసే గిన్నెలోనే.
స్నాప్ రింగు రెండుసార్లు ఎగిరి
ఒకసారి మేరీమాత పటాన్నీ ఒకసారి పిల్లినీ తాకింది.
పిల్లి ఒక్కటే తిట్టింది.

వాల్వ్ బాడీ మూత ఎత్తితే
చెదలు తొలిచిన దుంగలా వంకర దారులు.
మలుపుల్లో ఉక్కు గోళీలు, బఠాణీ కన్నా చిన్నవి,
నూనె ఇటు రావచ్చు, అటు పోకూడదనే కాపలావాళ్లు.
లెక్కపెట్టాను. ఐదు.
గుంటలు ఆరు.
నేలంతా వెతికాను, గుడ్డలు దులిపాను,
నూనె బకెట్లో మోచేతి దాకా పెట్టి కెలికాను.
నా వల్లే పోయిందని ఏడుపొచ్చింది.

ఒనోఫ్రె చాలాసేపు కిటికీ వైపు చూశాడు.
తర్వాత కోటు లోపలి జేబులోంచి
అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టాడు.
లోపల దూది. దూదిలో గోళీ.

"పదకొండేళ్ల కింద దీన్ని బిగించింది నేనే.
రెండ్రోజులకి మా ఆవిడ చొక్కా ఉతుకుతుంటే
జేబులో దొరికింది.
బండివాడి నంబరు గోడ మీదే రాసి ఉంది.
షెడ్డు మీద అప్పుంది, ఊళ్లో పేరుంది.
చెయ్యలేదు."

కోపం రావాలి.
తోసినవాళ్ల భుజాలన్నీ గుర్తొచ్చాయి.
కానీ అగ్గిపెట్టె మూలలు అరిగి
గుడ్డలా మెత్తబడి ఉన్నాయి,
తెరిచి, మూసి, తెరిచి, మూసి.

గాలికి పగిలిన పెదాలకి రాసుకునే
వాజలిన్ డబ్బా ఆయన వైపు జరిపాను.
"ఇది మీరే పెట్టండి."
వాజలిన్ అద్దిన గోళీతో ఆయన చెయ్యి
మూడుసార్లు దారి తప్పింది.
నేను మణికట్టు పట్టుకోలేదు.
నాలుగోసారి కూర్చుంది.

శనివారం పొద్దున లివరు వెనక్కి లాగాను.
చిన్న కుదుపు, ఎవరో భుజం తట్టినట్టు.
బండి కదిలింది,
ఎదురుగా గేటు దగ్గర ఒనోఫ్రె
టోపీ ఒక చేత్తో పట్టుకుని చిన్నవాడవుతున్నాడు,
ఏదో అరుస్తున్నాడు, గాలికి వినబడదు.

పక్కింటి చెత్తడబ్బాని గుద్దాక అర్థమైంది.
ఏం చెయ్యను,
వెనక అద్దం చూసి ఎన్ని నెలలైందో.